గూడబాతులు ఇల్లు చేరే వేళ

స్వైన్ ఫ్లూ భయం పట్టుకున్న ఆ చలికాలం, ఏలూరులో నేను నడిపే పిల్లల పక్షుల క్లబ్బు మూతపడింది. క్లబ్బంటే పెద్ద పేరే గానీ, ఆదివారం సాయంత్రం కొందరు పిల్లల్ని వెంటేసుకుని కొల్లేటి గట్టు మీద తిరగడమే. ఉన్న ఒక్క బైనాక్యులర్స్ కోసం కొట్టుకునేవాళ్లు. అదే అందరూ కళ్లకు పెట్టుకుంటారని తల్లిదండ్రుల హడలు. "కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుతామండీ, ఏమీ అనుకోకండి" అన్నారు. పైకి ఏమీ అనలేదు గానీ, లోపల చాలానే అనుకున్నాను.

ఇంట్లోంచే నేర్పుదామంటే నా దగ్గరున్నది చిన్న సెల్‌ఫోను. అందుకే ఒక పద్ధతి పెట్టాను. రోజూ సాయంత్రం ఎవరి డాబా వాళ్లు ఎక్కాలి. గూడబాతులు, అదే పెలికాన్లు, మేత ముగించుకుని కొల్లేటికి తిరిగి వెళ్తూ కనబడగానే నాకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. నేను ఎత్తకూడదు, ఎత్తితే వాళ్ల నాన్నల బ్యాలెన్స్ కాస్తా పోతుంది. ముందు దెందులూరు పిల్లలు, తర్వాత ఏలూరు పిల్లలు, అందరికన్నా చివర కొల్లేటి లంకలో ఉండే అమ్మాయి. ఆ అమ్మాయి కాల్ వచ్చిందంటే పక్షులు ఇల్లు చేరినట్టే. అది వచ్చేదాకా నేనూ మా డాబా దిగనని పిల్లలతో చెప్పాను, దిగేదాన్ని కాదు కూడా. వాళ్ల గోల లేక ఆ సాయంత్రాలు ఎంత బోసిగా ఉండేవో! ఫోన్ మోగి ఆగిపోతుంటే, ఒక్కసారి ఎత్తి వాళ్ల గొంతు వినాలని ప్రాణం కొట్టుకునేది.

భయం తగ్గి ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. డాబా అలవాటు మాత్రం ఎవరూ మానలేదు. లంక అమ్మాయి ఒక్కతే క్లబ్బుకు రాలేదు. మిస్డ్ కాల్ మాత్రం రోజూ వస్తోంది. అలిగిందా, ఒంట్లో బాగాలేదా? పగలు నేను చేస్తే ఎవరూ ఎత్తరు. ఒక సాయంత్రం ఉండబట్టలేక ఎత్తేశాను.

"అయ్యో, ఎత్తేశారేంటండీ టీచరుగారూ! మా నాన్న తిడతాడండీ."

"ఆదివారం రావడం లేదేమ్మా?"

"మేం తాడేపల్లిగూడెం వచ్చేశామండీ. నాన్నకి రైస్ మిల్లులో పని దొరికిందండీ."

"అక్కడ కూడా గూడబాతులు కనబడుతున్నాయా?"

"ఒక్కటీ రాదండీ. ఎంతసేపు చూసినా మిల్లు పొగేనండీ."

"మరి రోజూ ఫోన్ ఎందుకు చేస్తున్నావే?"

మెల్లగా అంది.

"నేను ఇవ్వకపోతే అవి ఇల్లు చేరలేదనుకుని, మీరు డాబా దిగరు కదండీ."