గాజు కళ్ల గుర్రం

మా అబ్బా పెళ్లిళ్లకు గుర్రాలను కిరాయికిచ్చేవాడు. ఖమ్మం శివారులో మా ఇల్లు, ఇంటి వెనక రేకుల కొట్టం. పెళ్లికొడుకు ఒక్క పూటైనా రాజులా ఊరేగాలంటే మా కొట్టానికి రావలసిందే. ఇటు మధిర నుంచి అటు భద్రాచలం దాకా, ఒకసారైతే ఆ గుంతల రోడ్డు మీద చర్ల దాకా, చిన్న లారీలో గుర్రాన్ని ఎక్కించుకుని పోయేవాడు.

మా ఎర్ర గుర్రానికి ముఖం మీద వెడల్పాటి తెల్ల పట్టీ, కాళ్లకు మేజోళ్లు తొడిగినట్టు తెలుపు ఉండేది. అలాంటి మగగుర్రమే మధిర వైపు ఒకాయన దగ్గర ఉందని తెలిసి, అబ్బా దానితో జత కట్టించాడు. పుట్టిన పిల్లను చూసి ఇంటిల్లిపాదీ నోరెళ్లబెట్టాం. వీపు ఒక్కటే ఎరుపు. ముఖమంతా, పొట్టా, కాళ్లూ తెలుపు. సున్నం తొట్టిలో నిలబెట్టి తీసినట్టుంది. కళ్లు నీలం.

"గాజు కండ్ల గుర్రం ఇంట్ల ఉండొద్దురా, ఎవరికన్న ఇచ్చెయ్," అంది నానమ్మ.

"నీకు మీ అత్త కండ్లు గూడ నచ్చలేదంట గదా," అని నవ్వాడు అబ్బా.

పెరిగాక మాకు అన్నం పెట్టింది అదే. పక్కనే బ్యాండు మోగినా, కాళ్ల దగ్గర టపాసుల దండ పేలినా కదిలేది కాదు. అందరూ అదే కావాలనేవారు. "ట్రైనింగ్ ఎవరిదనుకున్నరు?" అని అబ్బా మీసం దువ్వేవాడు. ఇంటి దగ్గర మాత్రం పిలిస్తే వచ్చేది కాదు. తల్లి కదిలితేనే కదిలేది. దానికి పొగరెక్కిందని అబ్బా మురిసిపోయేవాడు.

గుర్రాలున్న ఇంట్లో ఒక కట్టుబాటు ఉంటుంది. వెనక నుంచి చప్పుడు లేకుండా పోకూడదు. దూరం నుంచే పిలవాలి, మాట్లాడుతూ దగ్గరికి పోవాలి, ఆ తరువాతే చెయ్యి వెయ్యాలి. చిన్నప్పుడు మాకది నేర్పింది అమ్మే.

ఆ రోజు అబ్బా తల్లిగుర్రాన్ని తీసుకుని సత్తుపల్లి పక్కన పెళ్లికి పోయాడు. కొట్టంలో పిల్లగుర్రం ఒక్కటే ఉంది. నేను కిటికీ దగ్గర ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్నాను. అమ్మ బకెట్టు పట్టుకుని కొట్టంలోకి పోతూ, "వస్తున్న బిడ్డా, వస్తున్న, నీళ్లు తాగుదువు," అంది. నా చెవులతో విన్నాను. ఆ వెంటనే బకెట్టు బండ మీద పడిన చప్పుడు. తన్ను గుండెల మీద తగిలింది. దవాఖానా చేరకముందే, ఆటోలో, నా ఒళ్లోనే పోయింది.

మట్టికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, పిలవకుండా పోయుంటుందని. అబ్బా కూడా అదే అన్నాడు.

"ఇన్నేండ్లు గుర్రాలతోని ఉండి గింత సోయి లేకపోతే ఎట్ల?"

"లేదబ్బా, పిలిచింది. నేనిన్న," అన్నాను.

"నువ్వు పుస్తకంల ఉన్నవ్. నీకేం ఇనపడ్తది!" అని కసిరాడు.

పోయిన మనిషి మీద తప్పు నెట్టడం ఎంత తేలికో అప్పుడు చూశాను. నానమ్మ అయితే ఇంటికొచ్చిన పిల్లలందరికీ మా అమ్మ సంగతి చెప్పి మరీ జాగ్రత్తలు నేర్పేది. నాకు ఒళ్లు మండిపోయేది.

వానాకాలంలో సూది మందు వెయ్యడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. పిల్లగుర్రం ముఖం చూసి, కళ్లు చూసి, దాని వెనక్కి పోయి, స్టీలు పళ్లెం మీద గరిటెతో గట్టిగా కొట్టింది. పక్కనున్న తల్లిగుర్రం ఉలిక్కిపడి తాడు తెంపుకోబోయింది. పిల్లది గడ్డి నములుతూనే ఉంది. చెవి కూడా తిప్పలేదు.

అది పుట్టు చెవుడు కావచ్చంది డాక్టరమ్మ. ఒంటికి రంగునిచ్చే కణాలు చెవి లోపల కూడా ఉండాలట. అవి లేకపోతే శబ్దం అందదట. ఆ తెలుపు జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి ఉండవచ్చట. రూఢిగా తెలియాలంటే వెంట్రుకలు పరీక్షకు పంపాలట. అబ్బా పరీక్ష మాటే ఎత్తలేదు. నా వైపు తిరిగాడు.

"మీ అమ్మ ఏమని పిలిచిందే?"

చెప్పాను. అక్కడే, ఆ లద్దెలోనే కూలబడ్డాడు.

మర్నాటి నుంచి మట్టికి వచ్చినవాళ్ల ఇళ్లన్నీ తిరిగాడు. "ఆమె పిలిచింది. గుర్రానికే ఇనపడలే," అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాడు. కొందరు అయ్యో అన్నారు, కొందరు చాయ్ ఇచ్చారు. పెనుబల్లిలో మా దూరపు చుట్టం ఒకాయన అంతా విని, "అయితే ఎన్ని బాంబులు కాల్చినా బెదరదన్నట్టే గదా? మావోడి పెళ్లికి అదే కావాలె," అన్నాడట.

అబ్బా సరే అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. అమ్మ తప్పు లేదని చెప్పడానికి పోయిన మనిషి, అమ్మను చంపిన చెవుడునే కిరాయికిచ్చి వచ్చాడు. మా తిండికి వేరే దారి లేదని నాకు తెలుసు. తెలిసినా ఆ కోపం ఇప్పటికీ పోలేదు.