దీవి ఎలుకల దానియేలు సారు

మా గురువర్యులు, జంతుశాస్త్ర అధ్యాపకులు దానియేలు గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

లక్నవరం చెరువులో చేపలు పట్టే మనిషి ఒకాయన బస్సెక్కి వరంగల్‌లోని మా కళాశాలకు వచ్చి, "సారును పురుగు ముట్టింది" అన్నాడు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన లెక్చరర్ నవ్వాడు, ఆయనకు పురుగులు కొత్తా అని. పాపం, ఆయన తప్పేం లేదు. మా వైపు పామును పేరుపెట్టి పిలవరని, పురుగంటారని ఆయనకేం తెలుసు? నేను ఈ జిల్లావాణ్ణి. ఎట్లున్నడని అడిగాను. "పానం నిలువలే" అన్నాడు ఆ మనిషి.

ఈ మాట మీద సారే క్లాసులో నవ్వించేవారు. "కడుపుల పురుగునేమో ఏలికపాము అంటం, పామునేమో పురుగంటం. భయం ఎక్కువున్న కాడ పేరు చిన్నగ చేస్తం" అనేవారు.

ఆయన జీవితమంతా ఒకే ప్రశ్నను ఆశ్రయించుకుని సాగింది. చెరువు ఒడ్డు పొలాల్లోని ఎలుకల పేగుల్లో రకరకాల పురుగులుంటాయి. అదే చెరువు నడుమ దీవుల్లో, అదే జాతి ఎలుకల్లో, ఆ రకాలు తగ్గిపోతాయి. ఎప్పుడో నీళ్ళు దాటిన నాలుగు ఎలుకలు వెంట తెచ్చుకున్నవే కదా అక్కడ ఉండేది! పైగా కొన్ని పురుగులు పెరగాలంటే నడుమ ఏదో ఒక కీటకం కూడా కావాలి. అది లేనిచోట అవీ ఉండవు. "ఎలుక కడుపు గూడ ఒక ఊరేరా. ఎవలున్నరని అందరడుగుతరు. ఎవలు లేరో, ఎందుకు లేరో నువ్వడుగు" అని నాకు బోధించారు.

సహృదయులు, నిరాడంబరులు అని రాయాలి. రాస్తున్నాను, నిజం కాబట్టి. మొండిఘటం అని కూడా రాయాలి. ఒక ఆదివారం ఆయన కోటుకు స్పిరిట్ వాసన కొడుతుంటే, తాగి వచ్చారని చర్చిలో పెద్దలు గుసగుసలాడారు. సారు నింపాదిగా జేబులోంచి ఎలుక పేగుల సీసా తీసి పాదిరి గారికి చూపించారు. దానికంటే తాగొచ్చానని ఒప్పుకున్నా పరువు దక్కేదని వారి ధర్మపత్ని మార్తమ్మ గారు నెలల తరబడి దెప్పారు.

అన్నిటికంటే దూరపు దీవి ఒకటి మిగిలింది. అక్కడి ఎలుకల్లో బద్దెపురుగు ఉండదని సారు ఊహ. అదొక్కటి తేలితే ఇన్నేళ్ళ పరిశోధన పూర్తయినట్టే. ఎలాగూ ఉండదుగా, రాసేయండని అందరం అన్నాం. చూడకుండా రాయనన్నారు. ఎలుకలున్నచోట పాముంటుందని జంతుశాస్త్రం చెప్పేవాడికి మనం చెప్పాలా? ఆ దీవిలో బోనులు ఎత్తుతుండగా కాటు పడింది. ఆయన దేహంతో పాటు, లోపల ప్రాణాలతో ఉన్న ఎలుకలతో ఆ బోనులూ ఇంటికి వచ్చాయి.

సమాధి కార్యక్రమం ముగిశాక మార్తమ్మ గారు నన్ను పిలిచి, సారు చూడాలనుకున్నదేదో చూసి చెప్పమన్నారు. చూశాను. ప్రతి ఎలుకనూ కోసి, ప్రతి పేగునూ విప్పి చూశాను. వెళ్ళేసరికి ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నారు.

"లేదమ్మా. సారు అనుకున్నట్టే, ఆ పురుగు లేదు" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "లేనిదాని కోసం పోయిండా బిడ్డా?"

ఆ లేకపోవడమే ఆయన కనుగొన్న సత్యమని వివరించే చదువు నాకుంది. ఆ చదువు పెట్టింది ఆయనే. అయినా ఆవిడ పక్కన కూర్చుని చేటలో రాళ్ళు ఏరాను. బియ్యం అయ్యాక వచ్చేశాను.

అటువంటి సత్యసంధుడు ఈ ఊరికి మళ్ళీ దొరకడు. ఆ పుణ్యాత్మునికి ఇదే నా అంజలి. ఆయన ఊహ నిజమైంది. తెలుసుకోవాలని తపించిన మనిషికి తప్ప అందరికీ చెప్పాను.