చల్లగానే ఉంది

మా బావ ఎలక్ట్రీషియన్. చీమకైనా హాని చెయ్యని మనిషే గానీ, ప్లగ్గుల విషయంలో మాత్రం ఎదుటివాళ్ళ ప్రాణం తోడేస్తాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ దగ్గరికి పోయి, ప్లగ్గు మీద చేతి వెనకపక్క ఆనించి చూస్తాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. అందుకే వీధిలో ఆయనకు జ్వరం డాక్టరని పేరు పడిపోయింది. నేనూ అలాగే పిలుస్తాను. మరదలిని, ఆ మాత్రం హక్కు నాకుంది.

నేను ఎలక్ట్రిక్ కారు కొని ట్యాక్సీ తిప్పడం మొదలుపెట్టాక ఆయన నస రెట్టింపైంది. నేనుండేది అక్కాబావల ఇంట్లోనే, ముందు గదిలో. అక్కడున్నది చిన్న పిన్నుల సాకెట్టు. నా కారు చార్జరుకున్నది పెద్ద పిన్నుల ప్లగ్గు.

"అది ఫోన్లకీ ఫ్యాన్లకీ పెట్టింది. వెనక వైరు సన్నం. నీ కారు గంటల తరబడి లాగుతుంది. ఆదివారం బోర్డు నుంచి లావు వైరు వేరేగా లాగి, పెద్ద సాకెట్టు బిగిస్తా. అప్పటిదాకా చార్జింగ్ స్టేషన్‌కే పో," అన్నాడు బావ.

"మధ్యలో పెట్టే అడాప్టర్లు దొరుకుతున్నాయటగా?"

"దొరుకుతాయి. ఎలకల మందు కూడా దొరుకుతుంది. మీద ఎన్ని ఆంపియర్లో రాసుండాలి, కారు కంపెనీవాళ్ళు సరేననాలి. అలాంటిది తెచ్చినా సరే, ఈ చిన్న సాకెట్టుకి మాత్రం పెట్టకు. అడాప్టరు మారిస్తే గోడలో వైరు లావెక్కుతుందా?"

ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాను. గురువారం పొద్దున స్టేషన్‌లో క్యూ చాంతాడంత ఉంది. కారులో తొమ్మిది శాతమే మిగిలింది. సాయంత్రం ఒక పెద్దాయన్ని కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్తానని మాటిచ్చాను. ఒళ్ళు మండి, దారిలో ఉన్న కొట్లో అడాప్టరు కొన్నాను. దాని మీద అక్షరం ముక్క లేదు. కొట్టతను నా చార్జరు ప్లగ్గు అందులో గుచ్చి చూపించి, "పట్టిందిగా అక్కా, ఇంకేం కావాలి?" అన్నాడు. నాకూ అదే చాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి బావ పనికి వెళ్ళిపోయాడు. అక్క నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి, లోపలి గదిలో తలుపేసుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. కిటికీలోంచి కేబుల్ లాగి కారుకు పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. చప్పుడు కాకుండా వీధి తలుపు దగ్గరగా వేసి, లైసెన్సు రెన్యువల్ కోసం ఆర్టీవో ఆఫీసుకు పరిగెత్తాను. లోపలి గదిలోంచి బయటికి రావాలంటే ముందు గదిలోంచే రావాలని ఆ తొందరలో నాకు తట్టనేలేదు.

నేను వరసలో నిలబడి ఉండగా బావ ఫోన్ చేశాడు.

"నీ కారుకి ఇంట్లోంచి కేబుల్ వేలాడుతోందని పక్కింటాయన చెప్పాడు. ఆ సాకెట్టుకే పెట్టావా?"

"కొంచెంసేపే బావా."

"ప్లగ్గు ముట్టుకుని చూశావా?"

ముట్టుకుంటే కదా. "చూశాను. చల్లగానే ఉంది," అన్నాను.

"అయినా సరే, తీసెయ్."

"తీసేస్తున్నా." ఆ మాట అన్నది ఇంట్లో ఉండి కాదు, ఆఫీసులో ఉండి.

ఫోన్ పెట్టేశాక మనసు మనసులో లేదు. ఒకవేళ వేడెక్కితే? సాకెట్టు పైనే కిటికీ కర్టెన్ వేలాడుతోంది. ఫోన్‌లో చూస్తే కారు ఇంకా చార్జవుతూనే ఉంది. పద్నాలుగు శాతం. పదిహేను. నా ముందు ఇద్దరే ఉన్నారు, నా పని కాగానే వెళ్ళిపోదామనుకున్నాను. పదహారు దగ్గర తెర మీద అక్షరాలు మారాయి. చార్జింగ్ ఆగిపోయింది.

అక్కకు ఫోన్ చేశాను. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. బావకు చేశాను.

"బావా, అబద్ధం చెప్పాను. నేను ఇంట్లో లేను. చార్జింగ్ దానంతటదే ఆగిపోయింది. అక్క లోపల నిద్రపోతోంది."

అటువైపు నిచ్చెన దబ్బున పడ్డ చప్పుడు వినిపించి, ఫోన్ కట్టయింది.

వరసలోంచి బయటికి పరిగెత్తి ఆటో ఎక్కాను. అక్కకేమన్నా అయితే నేను బతకనని నాలో నేనే గొణుక్కుంటూ ఉన్నాను. ప్రతి మలుపులోనూ పొగ కనిపిస్తుందేమోనని మెడ చాచి చూశాను.

తలుపు బార్లా తెరిచి ఉంది. కాలిన ప్లాస్టిక్ కంపు వీధిలోకే కొడుతోంది. అడాప్టరు కరిగి సాకెట్టుకు అతుక్కుపోయింది. గోడ కిటికీ పైదాకా నల్లబడింది. సగం కాలిన కర్టెన్ వాకిట్లో తడిసి ముద్దై పడుంది. బావ మెయిన్ ఆపేసి మెట్టు మీద కూర్చున్నాడు. కర్టెన్ లాగిన అరచెయ్యి బొబ్బలెక్కింది.

ఫ్యాను ఆగి ఉక్కపోతకు మెలకువొచ్చిందేమో, అక్క కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చింది. "ఏంటండీ ఈ కంపు?"

"సాకెట్టు మారుద్దామని మొదలెట్టా. నా చేతిలోనే షార్టయింది," అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

"ఊరందరికీ నీతులు చెప్తారు, సొంతింట్లో ఇదా నిర్వాకం?"

ఆయన తలొంచుకున్నాడు. ఇక నావల్ల కాలేదు. అడాప్టరు సంగతీ, ఫోన్‌లో చెప్పిన అబద్ధమూ, నిచ్చెన పడ్డ చప్పుడూ మొత్తం చెప్పేశాను.

అక్క నల్లబడ్డ గోడనీ, బావ చేతినీ చూసింది. నా మీద అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఎవరింట్లో ఎవరేం చెప్పినా తన చేత్తో ముట్టుకుంటే గానీ నమ్మడే మీ బావ. నువ్వు చల్లగా ఉందన్నావని నమ్మి, నిచ్చెన దిగలేదు," అంది.

"పోనీలే, దాన్నేమీ అనకు," అన్నాడు బావ.

అక్క ఆయన్ని కొళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను వాకిట్లోనే నిలబడి ఏడ్చాను.