సగం చేప రేవులో దించాలి

నాంపల్లి స్టేషన్ పార్శిల్ ఆఫీసు పక్కన, కోస్తా రైల్లోంచి దించిన థర్మాకోల్ పెట్టెల నుంచి చేపల నీళ్ళు కారుతుంటాయి. జనం ముక్కు మూసుకుని తప్పుకుంటారు. నేను మాత్రం కాస్త నెమ్మదిస్తాను. ఆ వాసనకు నాకు సత్యవతి మేడమ్ గుర్తొస్తారు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం ఆవిడది. గన్‌ఫౌండ్రీలో రెండు గదుల ఆఫీసు పెట్టి, చేపల పడవలకు లైసెన్సు కాగితాలు తయారుచేసేవారు. సముద్రం లేని ఊళ్ళో ఇదేం పని అని ఎవరైనా అంటే, "పడవల మీద డబ్బు పెట్టేవాళ్ళు ఇక్కడే ఉన్నారు కదండీ" అనేవారు.

నేను అబిడ్స్‌లో మా నాన్న బట్టల దుకాణంలో పెరిగినదాన్ని. చెప్పిన ధరకు ఏదైనా కొనడం మా ఇంట్లో జబ్బు కింద లెక్క. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం కూడా గట్టిగా బేరమాడాను. మేడమ్ నవ్వి ఒప్పుకున్నారు. ఆవిడ ఇవ్వాలనుకున్న దానికన్నా తక్కువ దగ్గరే నేను ఆగిపోయానని తర్వాత తెలిసింది.

మా పెద్ద క్లయింటు అఫ్జల్‌గంజ్ వ్యాపారి. పడవలున్నా సముద్రాన్ని ఫోన్లోనే చూసిన మనిషి. ఆయన పోతే ఆఫీసు నిలవదని మాకందరికీ తెలుసు. ఆయన లైసెన్సులో ఒక షరతు ఉండేది: రేవు మనుషులకు పని దొరికేలా, పట్టిన చేపలో సగమైనా మన రేవులోనే దించాలి. రెన్యువల్‌కు వచ్చి, "ఒడ్డుకొచ్చుడు దండగ మేడమ్. చేపంత గాడ సముద్రంలనే బయటిదేశం ఓడకు ఇచ్చేస్తం. రేవుల దించినట్టు రాయున్రి" అన్నాడు.

మేడమ్ నోరు విప్పేలోపే నేను దూకాను. "అంత కాగితం మీదనే అంటే దొరికిపోతం సేట్. నాలుగు ట్రిప్పుల్ల ఒక్కటన్న నిజంగ దించున్రి." అరగంట లాగి ఒప్పించాను. ఆయన వెళ్ళాక చాయ్ తెప్పించుకుని, మెచ్చుకోలు కోసం కూర్చున్నాను.

"ఎవరితో బేరమాడావమ్మా?" అన్నారు మేడమ్.

"సేట్‌తోని."

"ఆయనకేం పోయింది? పోయింది రేవులో చేపలు ఏరే ఆడవాళ్ళకి. వాళ్ళెంతకి దిగుతారో అడిగావా?"

ఒక నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టారు. అవతల నూకాలమ్మ, రేవులో చేపలు ఏరేవాళ్ళకు పెద్ద. విషయం చెప్పాను.

"నాలుగుసార్లకి ఒకసారి వత్తాదా పడవ? అయితే మేమూ నాలుగు రోజులకోసారి తింటే సరిపోద్దా అమ్మా?"

వెనక ఆడవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు సేట్ వస్తే మేడమ్ నన్నే మాట్లాడమన్నారు.

"సగం సేట్. నిజంగ దించాలె."

"నిన్న నాలుగుల ఒకటన్నవ్ గద బేటీ. రాత్రికి రాత్రే రేటు పెంచినవా? జర తగ్గు."

"తగ్గ."

నా జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన ఫైలు తీసుకుని లేచి, గుమ్మం దగ్గర నెమ్మదించాడు. అలా నెమ్మదించినవాళ్ళను వెనక్కి పిలవాలన్నది మా దుకాణంలో మొదటి పాఠం. పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"పెద్ద క్లయింటును పోగొట్టిన మేడమ్."

"పోగొట్టావు. నేనైతే నిన్ననే పోగొట్టేదాన్ని. నీ నోటితో విందామని ఆగాను."

రెండు నెలలకు గన్‌ఫౌండ్రీ ఖాళీ చేసి నాంపల్లిలో ఒక్క గదికి మారాం. మేడమ్ చివరిదాకా అక్కడే పనిచేశారు. ఇప్పుడు అక్కడ నేను కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళు నా ఫీజు ఇట్టే తగ్గించేస్తారు. షరతు తగ్గించమంటే మాత్రం రేవుకు ఫోను కలిపి బల్ల మీద పెడతాను. "ఎంతకు దిగుతరో మీరే అడుగున్రి" అంటాను. కొందరు సగానికి ఒప్పుకుంటారు, కొందరు లేచి వెళ్ళిపోతారు. ఆ ఫోను చేతిలోకి తీసుకున్నవాళ్ళను ఇంతవరకు చూడలేదు.