లేదనడం రానివాడు ఓడెక్కితే

"బావా, అల్మరాలు కూడా కొట్టిచ్చినా. ఎప్పుడొస్తాండారు?" అని నా బావమరిది నాగరాజు ఫోన్లో అడిగిన రోజు, నేను ప్రొద్దుటూరులో మా బట్టల దుకాణంలో పరుపు మీద కూర్చుని ఈగలు తోలుకుంటున్నాను. ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. ఉన్న నలుగురు గిరాకీలూ వీధి చివర కొత్తగా వెలసిన చల్లటి అద్దాల అంగడికి పోతున్నారు.

నాగరాజు ఉండేది అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ నుంచి మళ్లీ ఓడెక్కి పోవాల్సిన హట్ బే అనే ఊళ్లో. కాంట్రాక్టరు వెంట పోయి, పన్నెండేళ్లుగా అక్కడే సరుకుల అంగడి నడుపుతున్నాడు. పెళ్లి చేసుకోలేదు. మూడేళ్ల కిందట, "ఈడ మంచి చీరల అంగడి ఒక్కటీ లేదు బావా, అక్కా నువ్వూ వచ్చేయండి, పక్క గది నేను చూస్తా" అన్నాడు. నేను "చూద్దాంలే రాజా, వస్తాం" అన్నాను.

ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. మా తాత కాలం నుంచీ దుకాణంలో 'లేదు' అనే మాట పలకకూడదు. లక్ష్మి కూర్చున్న చోట లేదంటే ఆమె లేచిపోతుందట. గిరాకీ అడిగింది మన దగ్గర లేకపోతే "రేపొస్తుందమ్మా" అంటాం. జమ్మలమడుగు నుంచి వచ్చినా, పులివెందుల నుంచి వచ్చినా, ఆ మాట విన్న మనిషి నవ్వుకుని పక్క దుకాణం మెట్లెక్కుతుంది. నాగరాజు ఈ వీధిలోనే పెరిగినవాడు. వాడికీ తెలుసు కదా అనుకున్నాను. వాడు గది బాడుగకు తీసుకుని అల్మరాలు కొట్టించాడు.

"మీ పుణ్యాన నా తమ్ముడు మూడేండ్లు ఎదురు చూసినాడు. పోయి ఔనో కాదో మొగం మీద చెప్పి రండి" అంది మా ఆవిడ విజయ. నీకు ఏది ఇష్టమే అంటే, "రెండూ ఇష్టమే. నాన్చడమే ఇష్టం లేదు" అంది. నాకు మాత్రం లోపల ఆశ లేకపోలేదు. పోటీ లేని ఊరు, మూడు వైపులా గిరాకీలు, నాలుగో వైపు సముద్రం. ముప్పై చీరలు మూట కట్టాను, నాడి చూద్దామని.

ఉదయం ఎనిమిదికి కడపలో రైలెక్కాం. విజయ అప్పటికే గండి ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకుంది, ఓడ మునగకూడదని. ఎదురు సీట్లో జమ్మలమడుగు పెద్దమనిషి ఒకాయన మా మూట వైపు చూసి, యాడికప్పా అన్నాడు. అండమాన్ అన్నాను.

"ఏం తప్పు చేసినావప్పా?" అన్నాడాయన, శానా దిగులుగా. కోడూరు దాటేదాకా నా మీద జాలిపడి సగం అరటిపళ్లు నాకే పెట్టాడు.

మధ్యాహ్నానికి మద్రాసు. మర్నాడు పొద్దున్నే విమానం. విమానాశ్రయంలో రెండు ఇడ్లీలకు పెట్టిన డబ్బు కంటే తర్వాత ఓడ టికెట్టు చవగ్గా దొరికింది, పోదలచినవాళ్లు ఇంటి నుంచే ఇడ్లీలు తెచ్చుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి లాడ్జి. తెల్లారి ఆరు గంటలకు ఓడ. ఆరు అంటే ఆరున్నర.

ఓడలో మా పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని ఒక అరవై ఏళ్ల ఆవిడ కూర్చుంది. పేరు పైడమ్మ. సిక్కోలు వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట చేపల పనికి వచ్చి హట్ బేలోనే ఉండిపోయిన కుటుంబం. మాది కడప జిల్లా అనగానే సంచి అటు పక్కకు జరిపింది.

"ఆ మూటలో ఏటుంది బాబూ? బాంబులేటి?"

"చీరలమ్మా" అన్నాను. ఆ మాటతో సంచి మళ్లీ ఇటు పక్కకు వచ్చింది. శ్రావణంలో కూతురు పెళ్లట. పెళ్లికూతురికి చిలకపచ్చ చీర, ఎర్ర అంచు కావాలని మొక్కు ఉందట. పోర్ట్ బ్లెయిర్ అంతా తిరిగినా దొరకలేదట. ఇంతలో ఓడ ఊగడం మొదలైంది. నేను ఇంకేం వినలేదు, ప్లాస్టిక్ కవరులోకి తల పెట్టి కూర్చున్నాను. విజయ మాత్రం సెనక్కాయల పొడితో అన్నం తింటూ, "ఆకుపూజ మీ పేరున కూడా మొక్కుకునుండాల్సింది" అంది.

ఒంటిగంటకు దీవి కనిపించింది. చెప్పకుండా ఎట్లా ఉండగలను, చాలా అందంగా ఉంది. మా వైపు కొండలన్నీ రాళ్లు. ఇక్కడ నీళ్ల దాకా చెట్లు దిగి వచ్చి నిలబడ్డాయి. జెట్టీ మీద నాగరాజు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. అక్కను చూసి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

గది చూపించాడు. దీవిలో దొరికే ఎర్రటి చెక్కతో అల్మరాలు. నేల మీద తెల్లగుడ్డ తొడిగిన పరుపు, ప్రొద్దుటూరులో మాది ఎట్లుంటుందో అట్లాగే. "నువ్వు కూర్చునే మూల దిండు కూడా కుట్టిచ్చినా బావా" అన్నాడు. బాగుంది రాజా, చూద్దాం అన్నాను. విజయ నా వైపు చూసిన చూపు రాయదగింది కాదు.

ఆ నాలుగు రోజుల్లో నా మనసు కప్పల తక్కెడ. పొద్దున సముద్రం చూస్తే ఇక్కడే ఉందామనిపిస్తుంది. కరెంటు పోతే వద్దనిపిస్తుంది. కొబ్బరిబోండాం ఇరవైకి ఇస్తారు, టమోటా కావాలంటే ఓడ కోసం కాచుకోవాలి. మేం మాంసం, చేప ముట్టనివాళ్లం, ఊరంతా ఎండుచేపల వాసన. ఫోను పనిచేయాలంటే జెట్టీ చివరికి పోయి చెయ్యెత్తి నిలబడాలి. ఇంటి నుంచి తెచ్చిన బొరుగులు రెండో రోజుకే మెత్తబడ్డాయి, మూడో రోజుకు నా పట్టుచీర ఒకదానికి బూజు పట్టింది. ఇక వాన సంగతి. మా వైపు వానను తిట్టినవాణ్ని ఇంట్లోకి రానివ్వరు. ఇక్కడ వరసగా మూడు రోజులు కురిసేసరికి నేనే నోటికొచ్చింది అనేశాను. విజయ చెంపలు వేసుకుంది, నా తరఫున.

బుధవారం పొద్దున చీరలు పరుపు మీద పరిచాను. మొదట వచ్చింది పైడమ్మే. ముప్పై చీరలూ తిరగేసింది. "చిలకపచ్చ లేదా బాబూ?" అంది.

నా నోరు నా కంటే ముందు పలికింది. "రేపొస్తుందమ్మా."

ఆవిడ ముఖం వెలిగింది. సరే బాబూ అని వెళ్లిపోయింది. చీరలు పదకొండు అమ్ముడుపోయాయి. నాగరాజు అరుగు మీద కూర్చుని పెళ్లి తనకే కుదిరినట్టు మురిసిపోయాడు.

మేం తిరుగుప్రయాణం కావాల్సిన ఓడ గురువారం మధ్యాహ్నం వచ్చి శుక్రవారం పొద్దున పోతుంది. గురువారం పదకొండుకు, వానలో, టికెట్ల సంగతి కనుక్కుందామని జెట్టీకి పోయాను. పైడమ్మ ప్లాస్టిక్ పట్టా కప్పుకుని దిమ్మె మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చావమ్మా అన్నాను.

"తెల్లారే వచ్చినాను. రేపొస్తాదన్నావు కదా. ఈ ఊరికి ఏటొచ్చినా ఓడలోనే రావాల."

చెప్పేయాల్సింది. చెప్పలేదు, సిగ్గుతో పక్కన నిలబడ్డాను. ఓడ నాలుగింటికి వచ్చింది. దిగిన ప్రతి మూటనూ ఆవిడ చూసింది. ఉల్లిగడ్డల సంచులు, సిమెంటు, కోళ్ల గంపలు, ఒక ఫ్రిజ్. చివరి సంచి దిగాక నా వైపు తిరిగింది.

"లేదమ్మా" అన్నాను. యాభై రెండేళ్లలో అమ్మకం దగ్గర ఆ మాట అనడం అదే మొదలు. "నా దగ్గర లేదు. ఓడలో కూడా రాదు. మా ఊళ్లో అట్లా చెప్పడం అలవాటు."

ఆవిడ పట్టా విదిలించి మడిచింది. తిడుతుందనుకున్నాను.

"లేకపోతే లేదని నిన్ననే సెప్పాల బాబూ. ఈ దీవిలో లేదన్న మాటకి ఎవులూ ఏడవరు. వస్తాదంటేనే కూకొని సూస్తాం" అంది. తర్వాత నాతోపాటే గదికి వచ్చి, పసుపు చీరకు ఎర్ర అంచున్నది ఒకటి తీసుకుంది. తక్కువకు ఇస్తానన్నా ఒప్పుకోలేదు.

ఆవిడ పోయాక నాగరాజును కూర్చోబెట్టాను. "రాజా, నేను రాను. అంగడి పెట్టను. మూడేండ్ల కిందటే చెప్పాల్సింది" అన్నాను. వాడు చాలాసేపు అల్మరా తలుపు తెరిచి మూస్తూ ఉన్నాడు.

"మన వీధి మాట నేను మరిసిపోయినా బావా. నువ్వు వస్తామంటే వస్తావనుకున్యా" అన్నాడు. ఆ తర్వాత, "గిరాకీ కోసం కాదు. ఈడ ఒక్కన్నే ఉండాను. మీరు పక్క గదిలో ఉంటారు గదా అని" అన్నాడు. మిగిలిన చీరలు వాడికే వదిలాను, పైడమ్మ కూతురితో అమ్మించుకో అని. పని కాదని మొహం మీద చెబితే మనుషులు విరిగిపోతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. పొద్దున ఓడ దగ్గరకు మా పెట్టె వాడే మోసుకొచ్చాడు.

వెనక్కి మద్రాసు నుంచి రైలు. రేణిగుంటలో టీ తాగుతుంటే పక్క సీటాయన, అండమాన్ ఎట్లుండాదప్పా, పోవచ్చునా అన్నాడు. పోవచ్చు అన్నాను. గొడుగు, వాంతుల మాత్రలు పెట్టుకోండి, బొరుగులు వద్దు, రోజులు లెక్కపెట్టుకుని పోవద్దు, ఓడకు మీ పంచాంగం తెలియదు. ఉండడానికి నాకు చేతకాలేదు కానీ, వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా ఉండడం కూడా చేతకాలేదు.

విజయ కిటికీ వైపు తిరిగి ఉంది. ఓడ దిగినప్పటి నుంచీ తమ్ముడి మాట ఎత్తలేదు.

"ఏటా ఆషాఢంలో నిన్ను తీసుకుపోతా. నెల రోజులు వాడి దగ్గర ఉందాం" అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను. అది మా వీధి అలవాటు మాట కాదు.

ఆమె నా వైపు తిరిగింది. ముప్పై ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషి. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, శానా మెత్తగా, "సరేలెండి, చూద్దాం" అంది.