చుక్కాని నా చేతికొచ్చిన రోజు

దిండిలో హౌస్‌బోటు మీద వంట చేస్తాను. ఫొటోల కోసం దానికో తెరచాప కట్టారు. ఐదో తరగతిలో బడి మానేశాక నాకు బడిసంచీ ఎంత అవసరమో, ఇంజనున్న బోటుకి అదీ అంతే. నిన్న వానకి తడిసిన ఆ గుడ్డ వాసన వంటగదిలోకి వచ్చింది. పొయ్యి మీద కూర మాడింది.

చిన్నప్పుడు మా ఇల్లూ వాకిలీ, కొబ్బరికాయలు మోసే నాన్న తెరచాప పడవే. ఓసారి అమ్మకి జ్వరం ముదిరి రాజోలు ఆసుపత్రికి బయల్దేరాం. దారిలో వాన వెలిసి గాలి పడిపోయింది. తడిసిన తెరచాప వేలాడిపోయింది. నాన్న గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని పడవను లాగడం మొదలెట్టారు. చుక్కాని నాకిచ్చారు.

"ఎదరికే చూడు అమ్మడూ. అమ్మకేసి చూడకు."

అన్నాళ్లూ ముట్టుకోనివ్వని చుక్కాని. నాకు పండగే. తల తిప్పకుండానే, "అమ్మగారూ, టిక్కెట్టు తీసుకున్నారాండీ?" అన్నాను.

"ఆయ్, దిగేటప్పుడు తీసుకుంటానండీ, సరంగుగారూ," అంది వెనక చాప మీంచి అమ్మ. దగ్గు ఆగాక, "కుదుపుల్లేకుండా నడపండి" అంది.

ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపాను. కాసేపటికి మూలుగు కూడా ఆగింది.

"నాన్నా, నేను బాగా నడుపుతున్నాను, అమ్మకి నిద్రపట్టేసింది," అని గట్టుమీదికి కేకేశాను.

నాన్న తిరిగి చూడలేదు. తాడు భుజం మార్చుకుని ఇంకా గట్టిగా లాగారు.

అమ్మ పోయిందని ఆయనకి నా కేకతోనే తెలిసిపోయింది. అయినా రేవుదాకా ఆగలేదు. ఆగితే నేను చుక్కాని వదిలి అమ్మ దగ్గరికి వెళ్లేదాన్ని.