వెనకసీటు కింద బ్యాటరీ

అన్నపూర్ణేశ్వరిది కాకినాడ. కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో కాపురం. ఆఫీసులో అందరికీ ఆమె పూర్ణాజీ. హిందీలో బేరమాడగలదు, వాదించగలదు, అవతలివాళ్లను కడుపుబ్బ నవ్వించగలదు. హిందీ అంకెలు మాత్రం ఇన్నేళ్లయినా ఆమెకు వంటబట్టలేదు.

ఆమెకో పాత హైబ్రిడ్ కారుంది. ట్రాఫిక్‌లో ఇంజను ఆగిపోయి, వెనకసీటు కిందున్న బ్యాటరీ మీద చప్పుడు లేకుండా పాకే బండి. పక్క టవర్లో ఉండే కుసుమ్ త్యాగీదీ అదే ఆఫీసు కావడంతో ఇద్దరూ రోజూ అందులోనే వెళ్లొస్తారు. అత్తగార్ల సంగతులు, పై అధికారుల సంగతులు అన్నీ ఆ దారిలోనే తెమిలిపోతాయి.

ఎండలు ముదిరాక ఒకరోజు మీటర్ల దగ్గర హెచ్చరిక దీపం వెలిగింది. వెనకనుంచి ఫ్యాను హోరు మొదలైంది. భర్త సదాశివరావు బ్యాటరీ పని అయిపోయిందని తేల్చేసి, ఎవరైనా కొంటారేమోనని అప్పుడే నలుగురికీ చెప్పేశాడు.

"జబ్బేవిటో తెలీకుండా ఎలా అమ్ముతారండీ? కొన్నవాళ్లు మనల్ని తిట్టుకోరూ?" అందామె.

ఆన్‌లైన్‌లో ఓ చిన్న స్కానర్ తెప్పించింది. స్టీరింగు కింద తగిలిస్తే బ్యాటరీలో ఏ భాగం ఎంత బలంగా ఉందో, ఎంత వేడెక్కిందో ఫోన్లో చూపిస్తుంది. బండి కదులుతూ, బరువు లాగుతున్నప్పుడు చూస్తేనే అసలు సంగతి బయటపడుతుందట. ఆదివారం పొద్దున్నే కుసుమ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఎలివేటెడ్ రోడ్డెక్కింది. ఫోను కుసుమ్ చేతిలో ఉంది.

ఎత్తు ఎక్కుతున్నప్పుడూ, బ్రేకు వేసినప్పుడూ భాగాలన్నీ ఇంచుమించు ఒక్కలాగే తగ్గి, ఒక్కలాగే పెరుగుతున్నాయని కుసుమ్ చెబుతూ వచ్చింది. ఒక్కటి మాత్రం కాస్త నీరసంగా ఉందంది. అన్నపూర్ణేశ్వరి మనసు కుదుటపడింది. అప్పుడడిగింది, వేడి ఎంతుందని.

"ఉన్చాస్," అంది కుసుమ్.

ఆమెకది యాభై తొమ్మిదిగా వినబడింది. వెంటనే రోడ్డు దిగి, నీడ చూసి బండి ఆపేసి, కుసుమ్‌ను దిగమని తనూ దిగిపోయింది. బండి అంటుకుంటుందేమోనని దూరంగా నిలబడ్డాక కుసుమ్‌కి విషయం అర్థమైంది.

"ఉన్చాస్ అంటే యాభైకి ఒకటి తక్కువ, పూర్ణాజీ. మీరనుకున్నది ఉన్‌సఠ్."

"రెండూ ఒక్కలాగే ఏడిస్తే నేనేం చెయ్యను?" అంది అన్నపూర్ణేశ్వరి. రోడ్డు పక్కన ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుకున్నారు.

అయినా నలభై తొమ్మిదీ ఎక్కువే. భాగాలు బాగానే ఉంటే ఇంత వేడెందుకు? బ్యాటరీకి గాలి పోయే దారి ఎక్కడుందోనని వెనక తలుపు తీసి వెతికారు. బండితో వచ్చిన పుస్తకం తిరగేస్తే, సీటు పక్కన గాలి పీల్చే చిల్లుల జాలీ ఉండాలని ఉంది. అది కనబడలేదు. దాన్ని కప్పేస్తూ మందపాటి దూది గద్దీ పరిచి ఉంది. వెనక కూర్చునేవాళ్లకు మెత్తగా ఉండాలని చలికాలంలో కుసుమే స్వయంగా కుట్టి తెచ్చిన గద్దీ అది.

కుసుమ్ ముఖం చిన్నబోయింది. "నేనే దీనికి ఊపిరాడకుండా చేశానన్నమాట."

"నువ్వు ప్రేమతో కప్పావు. జాలీ సంగతి నాకు మాత్రం తెలుసా?" అంటూ అన్నపూర్ణేశ్వరి గద్దీ మడిచి డిక్కీలో పెట్టింది.

ఇంటికెళ్లి జాలీ ఊడదీస్తే దాని వెనక పిడికెడు దూది, దుమ్ము. అంతా దులిపి మళ్లీ అదే దారిలో తిప్పి చూశారు. ఈసారి వేడి ముప్పై ఎనిమిది దాటలేదు. కుసుమ్ ఆ అంకెను హిందీలో చెప్పకుండా వేళ్లతో చూపించింది. ఫ్యాను హోరు తగ్గింది. ఆ నీరసంగా ఉన్న భాగాన్ని ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, ఇప్పటికి ఫరవాలేదన్నాడు మర్నాడు బండి చూసిన మెకానిక్. హెచ్చరిక దీపం కూడా అతనే ఆర్పేశాడు.

కొందామని వచ్చిన వెంకటసుబ్బయ్యకు బండి అమ్మడంలేదని సదాశివరావే నసుగుతూ చెప్పాల్సి వచ్చింది. ఆయనేమీ నొచ్చుకోలేదు. తన కారునూ ఒకసారి చూసిపెట్టమని అన్నపూర్ణేశ్వరిని అడిగాడు. వచ్చే ఆదివారం కుసుమ్‌కి వీలవుతుందో లేదో కనుక్కుని చెబుతానందామె.